ఇంటికి వచ్చిన పక్షిజంట



నేను సత్తెనపల్లి నివాసిని. బాల్యమున గురువులకడ పంచకావ్యములును, కొంత వ్యాకరణమును చదువుకొని, పిదప బడిపంతులనై, పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఇట్టివాడు రేడియోలో మాటలాడ వచ్చినచో ఏ ప్రబంధమును గూర్చియో, ఏ పురాణమును గూర్చియో చెప్పునని మీరు తలంపవచ్చును. కాని నేడు నేను చెప్పబోవునది రెండు చిన్న పక్షులను గూర్చి. అవి నా యింటికి వచ్చి యేడాది దాటినది. వాని మూలమున నేను నేర్చుకొన్న పాఠము చిన్నది కాదు. అది నేర్చుకొనుటకు చెల్లింపవలసి వచ్చిన మూల్యమును కొంచెములో తప్పినది. ఆ సంగతియే మీతో ముచ్చటింప దలచితిని.

మా మనుమరాలు ఆరవ తరగతి చదువుచున్నది. దానికి చిలుకపై మోజు. "తాతయ్యా! మనమొక రామచిలుకను పెంచుకొందమా?" అని నిత్యమును నన్ను పీడించుచుండెడిది. చిలుకయన్న నాకును మమకారమే. మన వాఙ్మయమున చిలుకకు దక్కిన గౌరవము మరియే పక్షికిని దక్కలేదు. బాణుని కాదంబరిలో కథ చెప్పునది చిలుక. కదిరీపతి శుకసప్తతిలో కథ చెప్పునదియు చిలుకయే. మండనమిశ్రుని వాకిట పంజరములలోని చిలుకలు ప్రామాణ్యవాదమును గూర్చి చర్చించుచుండెడివని శంకరవిజయము చెప్పును. ఇట్టి మాటలు నూరి పోసిన తాతయే మనుమరాలికి చిలుక పిచ్చి పట్టుటకు కారకుడని మా కోడలు నన్నే నిందించెను. ఆ నింద యథార్థమే.

అయినను రామచిలుకను తెచ్చుటకు నేను సమ్మతింపలేదు. కారణము చెప్పెదను. 1972లో మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము చేయబడినది. ఆ చట్టము ననుసరించి మన యడవులలోను తోపులలోను పుట్టిన దేశవాళి చిలుకను పట్టుటయు, అమ్ముటయు, పంజరమున నుంచుటయు నేరము. గూటినుండి పిల్లలను దొంగిలించి తెచ్చువారి చేతులలో ఎన్నియో పిల్లలు దారిలోనే చచ్చును. కాబట్టి చట్టము లేకున్నను ధర్మమదియే. మన మిరప చేలపై వ్రాలి పండుమిరపను తినిపోవు చిలుకను చూచి కోపగించుకొనెడి రైతు సైతము దానిని పంజరమున బంధింపరాదు. ఇచ్చట మరియొక వింత కలదు. మిరపలోని కారము మనకును, పశువులకును మంట పుట్టించునే కాని పక్షి నాలుకకు దాని మంట తెలియదు. అందుచేతనే మన కంట నీరు తెప్పించు కాయను చిలుక జామపండు వలె తినిపోవుచున్నది.

చిలుక రాదని తెలిసి పిల్ల చిన్నబోయినది. అపుడు మా అబ్బాయి గుంటూరు బజారునుండి రెండు చిన్న పక్షులను తెచ్చెను. మా ఊరు 2022లో క్రొత్తగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినను, ఇట్టి బజారు పనులకు మాకు నేటికిని గుంటూరే దిక్కు. ఆ పక్షులను మన యంగళ్లలో "లవ్‌బర్డ్స్" అని పిలుతురు. నిజమునకు ఆ పేరు ఆఫ్రికా ఖండపు వేరొక జాతి చిలుకలది. వీని యసలు పేరు బడ్జెరిగార్. ముద్దుగా బడ్జీ యందురు. ఇవి ఆస్ట్రేలియా ఖండపు మధ్యభాగమునందలి వర్షములు తక్కువైన మైదానములలో వేలకొలది గుంపులుగా తిరుగుచు, వాన కురిసిన చోటును వెదకికొని పోయి, గడ్డిగింజలు తిని జీవించు పక్షులు. జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో వీనిని ప్రాణములతో ఇంగ్లండునకు తీసికొనిపోయెను. అటుపిమ్మట ఇవి తరతరములుగా పంజరములలోనే పుట్టి, పంజరములలోనే పెరిగి, లోకమంతట వ్యాపించినవి. అడవిలోని బడ్జీ పచ్చనిది. నీలము, తెలుపు, పసుపు మొదలగు వన్నెలు మనుష్యుల పెంపకమున వచ్చినవి. జేనెడుకంటె తక్కువ పొడవు, సుమారు 3 తులముల బరువు. అంతే! మూడు తులముల ప్రాణము. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత దీనితో పనియున్నది.

వచ్చిన జంటలో ఒకటి పచ్చనిది, ఒకటి నీలిది. ముక్కు పైభాగమున రంధ్రములుండు మెత్తని చోటు నీలముగా నున్నచో మగది, గోధుమ వన్నెగానో తెల్లగానో యున్నచో ఆడది యని సామాన్యముగా గుర్తింపవచ్చును. మిక్కిలి లేత వయస్సున ఈ గుర్తు స్పష్టముగా నుండదు. నుదుటిపై ముక్కువరకు నల్లని చారలుండి, కన్ను అంతయు నల్లగా నున్నచో అది పిల్లయని తెలియవలెను. అట్టి పిల్లలే త్వరగా మచ్చికయగును. మాకు వచ్చినవి అట్టివే. పచ్చనిది మగది, నీలిది ఆడదియని తరువాత తేలినది. మనుమరాలు వానికి పచ్చన్న, నీలమ్మ యని నామకరణము చేసినది.

ఇక పంజరము మాట. అంగడిలో గోపురము వలె గుండ్రముగా, ఎత్తుగా నుండు పంజరములు చూచుటకు సొగసుగా నుండును. వానిని కొనరాదు. పక్షి హెలికాప్టరు వలె నిట్టనిలువుగా ఎగురదు, అడ్డముగా ఎగురును. కావున ఎత్తుకంటె పొడవు ఎక్కువగా నున్న నాలుగు పలకల పంజరమే మేలు. రెక్కలు పూర్తిగా విప్పి, ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు ఎగురుటకు చోటుండవలెను. కమ్మీల నడుమ సందు అర అంగుళము మించరాదు. మించినచో తల దూర్చి చిక్కుకొనును. కూర్చుండుటకు అంగడివారిచ్చు నున్నని ప్లాస్టిక్ కడ్డీలు చాలవు. వేపకొమ్మలును జామకొమ్మలును, లావును సన్నమునైనవి, కడిగి ఎండబెట్టి అమర్చవలెను. ఒకే లావుగల కడ్డీపై రాత్రింబగళ్లు నిలిచినచో పాదములు పుండ్లు పడును. వీని పాదమునకు రెండు వ్రేళ్లు ముందునకు, రెండు వెనుకకు నుండును. బెరడుగల కొమ్మనైనచో గట్టిగా పట్టుకొనగలవు. బెరడును కొరుకుటయు వానికొక వినోదము.

పంజరమును ఎచ్చట నుంచవలెను? ఒకవైపు గోడయుండవలెను, అప్పుడు పక్షికి వీపువెనుక భయముండదు. మన కంటి యెత్తున నుంచవలెను. తిన్నగా ఎండ తగులరాదు, గాలి విసరున నుండరాదు. వంటింటిలో ఎంతమాత్రము ఉంచరాదు. రాత్రి వసారాలో విడువరాదు. పిల్లియు ఎలుకయు పామును మన పల్లెలలో కొరతలేనివి కదా! వచ్చిన మొదటి మూడు నాలుగు దినములు పంజరమునకు మూడువైపుల పలుచని గుడ్డ కప్పి, నాలుగవ వైపు తెరచి, వాని జోలికి పోక విడిచిపెట్టవలెను. క్రొత్తకోడలు వచ్చిన దినముననే ఇరుగుపొరుగు అమ్మలక్కలు పదిమంది చుట్టుముట్టి "పాట పాడవమ్మా" యన్నచో ఆ పిల్ల ఏమగును? ఇదియు అంతియే. మా యింట ఈ నియమము మొదటిదినముననే భగ్నమైనది. వీధిలోని పిల్లలందరును వచ్చిరి. పక్షులు మూలకు ఒదిగి, కన్నార్పక, కదలక కూర్చున్నవి. మధ్యాహ్నమునకు నేను బెత్తము లేని పంతులనయ్యు పాతకాలపు గొంతు తెచ్చుకొని పిల్లలను పంపివేసితిని.

ఇపుడు నేను చెప్పదలచిన ముఖ్య విషయమునకు వచ్చుచున్నాను.

అంగడివాడిచ్చిన గింజలలో కొర్రలు ఎక్కువ. కొర్రయన్నంతనే నాకు బాల్యము జ్ఞప్తికి వచ్చినది. మా చిన్ననాట మెట్ట పొలములలో కొర్ర, సజ్జ, జొన్న, వరిగ పండెడివి. పిదప ప్రత్తియు మిరపయు ఆ చేలను ఆక్రమించినవి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినపుడు పట్టణవాసులు మరల కొర్రల పేరు తలచిరి. బడ్జీ మాత్రము ఎన్నడును మరువలేదు. ఆస్ట్రేలియా గడ్డిగింజలకు మన కొర్ర మిక్కిలి దగ్గరి చుట్టము. నేను చిన్న గిన్నె నిండ గింజలు పోసి, నీరు పెట్టి, నా విధి తీరినదనుకొంటిని. అది సోమవారము. బుధవారము చూచితిని, గిన్నె నిండుగనే యున్నది. గురువారము చూచితిని, నిండుగనే యున్నది. "పిట్ట కొంచెము, తిండియు కొంచెము" అని సంతోషించితిని. మా కోడలితో, "చూచితివా, వీనికి ఖర్చేమియు లేదు" అని కూడ పలికితిని.

శుక్రవారము ఉదయమున నీలమ్మ పంజరపు అడుగున కూర్చుండి యుండెను. ఈకలన్నియు ఉబ్బించుకొని, బంతివలె ముడుచుకొని, కన్నులు మూసికొని యుండెను. పచ్చన్న కొమ్మపైననే యున్నను వానికిని చురుకు లేదు. చలి సోకినదేమో యని నేను కంబళి కప్పితిని. పుస్తకములు తిరుగవేసితిని. మనుమరాలు ఏడ్చుచు, "తాతయ్యా! చచ్చిపోవునా?" అని యడిగినది. నలుబదిమంది పిల్లల ప్రశ్నలకు ఒకేమారు బదులు చెప్పినవాడను ఆ యొక్క ప్రశ్నకు బదులు చెప్పలేకపోయితిని.

అది మాఘమాసము. మా పొరుగింటి పెరటిలో మిరపకాయలకు తొడిమలు తీయు పని జరుగుచుండెను. ఆ పనికి వచ్చిన యొక ముదుసలి మంచినీళ్లకై మా యింటికి వచ్చి, పిల్ల ఏడ్పు చూచి పంజరము చెంతకు వచ్చెను. గిన్నెను బయటికి తీయించి, అరచేతిలో వంచుకొని, ఉఫ్ఫని ఊదెను. గిన్నెలోనిదంతయు గాలిలో కలిసిపోయెను. అడుగున పదియో పండ్రెండో గింజలు మిగిలినవి.

"పంతులుగోరూ, ఇవి గింజలు కాదండీ, పొట్టు. పిట్టలు పస్తున్నాయి" అని ఆమె పలికెను.

అయ్యలారా! బడ్జీ గింజను మ్రింగదు. ముక్కుతో ఒలిచి, పప్పును తిని, పొట్టును గిన్నెలోనే వదలును. పొట్టు పైకి తేలును. గిన్నె నిండుగనే కనబడును. ధాన్యము చెరిగి జీవితము గడపిన ఆ తల్లికి ఒక్క చూపున తెలిసిన సంగతి, కావ్యములలో సారమేది నిస్సారమేది యని పిల్లలకు విడమరచి చెప్పిన నాకు నాలుగు దినములు చూచినను తెలియలేదు. ఆ క్షణమున నాకు కలిగిన సిగ్గు ఇంతయని చెప్పజాలను.

వెంటనే గిన్నె కడిగి క్రొత్త గింజలు పోసితిమి. పంజరపు అడుగునను చల్లితిమి. పచ్చన్న దిగివచ్చి తినసాగెను. నీలమ్మ కదలలేదు. దానిని చిన్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డపై నుంచి, పశువైద్యశాలకు తీసికొనిపోయితిని. వైద్యుడు చూచి, "ఇంకొక పూట గడచియుండిన ఇది దక్కెడిది కాదు. వెచ్చగా నుంచి, గింజలు దాని ముందరనే పెట్టుడు" అని చెప్పెను. మూడు తులముల ప్రాణమని ముందే చెప్పితిని కదా! అంత చిన్న శరీరమున నిలువయుండు కొవ్వెంత? ఏకాదశినాడు మనము ఉపవాసముండగలము. ఈ పక్షికి ఒక దినపు పూర్తి పస్తు కూడ ప్రాణాపాయకరము. ఆ రాత్రి పెట్టెకు పైయెత్తున చిన్న విద్యుద్దీపము వ్రేలాడగట్టి, అరగంటకొకమారు చూచుచు కూర్చుంటిని. తెల్లవారుజామున పెట్టెలోనుండి టిక్కుటిక్కుమని గింజ ఒలుచు చప్పుడు వినబడినది. ఎన్నియో సంగీత సభలకు పోయితిని. అంతకంటె ఇంపైన నాదము నేను వినలేదు.

కాబట్టి నా మొదటి మాట ఇది. ప్రతి ఉదయమును గింజల గిన్నెను బయటికి తీసి ఊది పొట్టు ఎగురగొట్టి, మరల నింపవలెను. ఒక్కొక్క పక్షికి దినమునకు రెండు చిన్న చెంచాల గింజలు చాలును. జంటకు రెండు గిన్నెలుండుట మేలు. లేనిచో బలముగలది రెండవదానిని దరిచేరనీయదు. క్రొత్తగా తెచ్చినపుడు అంగడిలో ఏ గింజలు తినుచుండెడివో అవియే కొన్నాళ్లు పెట్టి, పిమ్మట మెల్లగా మార్చవలెను. తినుచున్నదో లేదో రెట్టను చూచి తెలిసికొనవచ్చును. దినమంతయు రెట్ట లేకున్నను, నీరుగా పోవుచున్నను, పచ్చదనము మితిమీరినను సందేహింపవలెను.

గింజ యొక్కటియే చాలదు. తోటకూర, కొత్తిమీర, మునగాకు, క్యారెట్ తురుము కొంచెముగా పెట్టవలెను. ఇచ్చట మన ప్రాంతపు రైతులకు ప్రత్యేకముగా నొక హెచ్చరిక చేయవలసియున్నది. మన ప్రత్తి చేలకును మిరప చేలకును పురుగుమందు కొట్టుట అందరు నెరిగినదే. ఆ చేని గట్టున మొలచిన తోటకూరను గాని, మందు కొట్టిన మడిలోని కొత్తిమీరను గాని తెచ్చి పక్షికి పెట్టరాదు. మనుష్యునికి తలనొప్పితో పోవునది మూడు తులముల ప్రాణికి మృత్యువగును. పెరటిలో ఒక కుండీలో నాలుగు మొక్కలు పెంచుకొనుటయే క్షేమము. అట్లే మందు కొట్టు పంపును, మందు డబ్బాలను పంజరమున్న వసారాలో నుంచరాదు. ఆ మాటకు వచ్చినచో, పిల్లలు తిరుగు వసారాలోను ఉంచరాదు.

అంగడులలో దొరకు సముద్రపు నురుగును మీరెరుగుదురు. మన వైద్యులు దానిని సముద్రఫేనమందురు. నిజమునకు అది నురుగు కాదు. కటిల్ చేప యను జలచరము లోపలి యెముక వంటి పెంకు. దానినొక ముక్క పంజరమునకు కట్టినచో పక్షి గీకి తినును, సున్నపు ధాతువు లభించును, ముక్కును అరుగును. ఉప్పు, నూనె, మిఠాయి, ఉల్లిపాయ, చాక్లెట్, అవకాడో పండు పెట్టరాదు. పండుగనాడు ముద్దుకై బూందీ పలుకు పెట్టుట ముద్దుకాదు, హాని.

ఇక పొగ సంగతి. పక్షుల ఊపిరితిత్తులు మనకంటె వేగముగా గాలిలోని వస్తువులను రక్తములోనికి గ్రహించును. అందుచేతనే పూర్వము బ్రిటన్ బొగ్గుగనులలో విషవాయువును కనిపెట్టుటకు కెనరీ పిట్టలను పంజరములలో దింపుచుండిరి. 1986లో గాని ఆ యాచారమును మాన్పింప నిశ్చయింపలేదు. మన యిండ్లలో దోమల చుట్టల పొగ, చుట్ట పొగ, అగరుబత్తి పొగ, తాలింపు పొగ పంజరమునకు తగులరాదు. అంటుకొనకుండుటకు టెఫ్లాన్ పూత పూసిన పెనములు నేడు పల్లెలకును వచ్చినవి. అట్టి పెనము వట్టిగా మాడినచో పుట్టు గాలికి మనకు వాసనయైనను తెలియక ముందే పక్షి నిమిషములలో ప్రాణము విడుచును. పంజరము వంటింటిలో కూడదనుటకు ఇదియే గొప్ప కారణము.

మా ఊరి యెండను గూర్చి చెప్పనక్కరలేదు. రోహిణీకార్తెలో పక్షి నోరు తెరచి ఎగపోయుచు, రెక్కలు ఒంటికి దూరముగా పెట్టి నిలిచినచో తాపము తగిలినదని గ్రహింపవలెను. ఆస్ట్రేలియా పక్షియైనను, అచ్చట అది నీడకు ఎగిరిపోగలదు, పంజరమున పోలేదు. గదిలో చల్లని మూల నుంచి, పంజరమునకు ఒకవైపున తడిగుడ్డ వ్రేలాడదీసి, వెడల్పయిన మూకుడులో అంగుళములోపు నీరు పెట్టినచో అందు దిగి స్నానమాడును. త్రాగు నీటిని వేసవిలో దినమునకు రెండుమారులు మార్చవలెను. రాత్రి పది పండ్రెండు గంటలు చీకటియు నిశ్శబ్దమును కావలెను. నడిరేయి బెదరి రెక్కలు కొట్టుకొనునేని, వెన్నెలయంత చిన్న దీపమొకటి దూరముగా నుంచిన శాంతించును.

మచ్చిక చేయుటకు తొందర పనికిరాదు. వారము గడచిన పిదప నేను దినమునకు రెండుమారులు పంజరము చెంత కుర్చీ వేసికొని, పత్రికను మెల్లగా పైకి చదువుచుంటిని. నా గొంతు వానికి అలవాటైనది. పిదప పంజరములోనికి చేయి పెట్టి కదలక యుంచితిని. మొదట పారిపోయెడివి. పదునాలుగవ దినమున చేతిలో కొర్రకంకి పట్టుకొంటిని. పచ్చన్న ఒక్కొక్క అడుగు వేసి వచ్చి, ఒక గింజ లాగుకొని వెనుకకు పరుగెత్తెను. మరునాడు వ్రేలిపై నెక్కెను. నీలమ్మకు మరియొక మాసము పట్టినది. పట్టుకొనుటకు వెంటబడిన చేతిని పక్షి మరువదు. నా యుద్యోగకాలమున పిల్లలను "చిలుకపలుకులు వల్లింపకుడు" అని కసరుచుండెడివాడను. ప్రేమయు నోరిమియు లేనిచో చిలుకయు పలుకదని ఇపుడు తెలిసినది. కాలిఫోర్నియాలో పక్ అను నొక బడ్జీ 1,728 మాటలు నేర్చెనని గిన్నిస్ పుస్తకము 1995లో నమోదు చేసినది. మా పచ్చన్న ఇంతవరకు నేర్చినది "తాతయ్యా" యను నొక్క మాటయే. జంటగా నున్నవి తమలో తాము ముచ్చటించుకొనుటచే మన భాష నేర్చుట తక్కువ. అయినను మాటకై ఒంటరిని చేయుట న్యాయము కాదు. ఇది గుంపులో బ్రతుకు పక్షి.

మచ్చికయైన పిదప దినమున కొంతసేపు గదిలో ఎగురనీయవచ్చును. అపుడు మొట్టమొదట పంకా ఆపవలెను, తలుపులు మూయవలెను, అద్దములకు తెర వేయవలెను. అంగడివారు చిన్న మట్టికుండ నొకటి పంజరమున కట్టుమని యిత్తురు. కుండ కట్టినచో ఆడపక్షి గ్రుడ్లు పెట్టును. పిల్లలను పెంచు నేర్పును, ఉంచుటకు చోటును లేనివారు కుండ కట్టరాదు. వెంటవెంట గ్రుడ్లు పెట్టి ఆడపక్షి నీరసించి, గ్రుడ్డు అడ్డుపడి చచ్చుటయు కలదు. పంజరము శుభ్రము చేసిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పక్షి రెట్ట ధూళివలన మనకును సంక్రమించు జ్వరములు కలవు. ఈకలు ఉబ్బించుకొని పగలు నిదురించుట, ఊపిరితో తోక ఊగుట, తిండి మానుట కనబడినచో వేచియుండక వైద్యుని చూడవలెను. శత్రువులకు దొరకకుండుటకై పక్షి తన వ్యాధిని దాచును. మనకు కనబడునప్పటికే వ్యాధి ముదిరియుండును.

ఇంతయు విని మీలో నొకరైనను అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. మా ఊరిలోని నా చిరకాల మిత్రుడొకడు దానిని నన్నే యడిగెను. "ఏమయ్యా, రెక్కలున్న ప్రాణిని కటకటాల వెనుక నుంచుట పాపము కాదా? విడిచిపెట్టి పుణ్యము కట్టుకొనరాదా?" అని. నేనొక రాత్రి యంతయు ఆలోచించితిని. రామచిలుక విషయమున అతని మాట అక్షరసత్యము. కాని ఈ బడ్జీ మన గాలిలో పుట్టినది కాదు. దాని తల్లియు, తల్లికి తల్లియు ఆకాశమును చూడలేదు. విడిచిన మరుక్షణము కాకులును డేగలును తరుమును. మేత ఎచ్చటనో తెలియక ఒకటి రెండు దినములలో చచ్చును. తలుపు తెరచుట సులభము. కాని అది దానము కాదు, బాధ్యతను వదిలించుకొనుట. అయినను మిత్రుని ప్రశ్నలో సగము సత్యము మిగిలియే యున్నది. మనము కొనినందుననే అంగడివాడు మరియొక జంటను తెచ్చును. కావున వేడుకకై కొనవలదు. కొనిన పిదప మాత్రము, ఆ కమ్మీల లోపల దానికి ఆకాశమును నీరును వానయు మనమే కావలసియుందుము.

మరియొక మాట. చక్కగా పెంచిన బడ్జీ అయిదునుండి పదియేండ్లు బ్రతుకును. నాకు అరువది దాటి కొన్నేండ్లయినది. లెక్క చూచినచో ఎవరు ముందో చెప్పలేము. అందుచే నేనొక పని చేసితిని. గింజలెన్ని, నీరెపుడు, ఏది పెట్టవచ్చును, ఏది కూడదు అను వివరములన్నియు పెద్ద అక్షరములతో అట్టపై వ్రాసి పంజరము పైగోడకు తగిలించితిని. మొదటి పంక్తి, "గిన్నెను ఊది చూడవలెను" అని. మనుమరాలు ప్రతి ఉదయమును బడికి పోవుటకు ముందు గిన్నె తీసికొని వాకిట నిలుచుండి ఉఫ్ఫని ఊదును. పొట్టు ఎగిరిపోవును. మిగిలిన గింజలను నాకు చూపి, "తాతయ్యా, లెక్క సరియేనా?" అని యడుగును.

తొడిమలు తీయుటకు వచ్చిన ఆ ముదుసలి ఈ యేడును వచ్చినది. మా యింటి ముందు ఆగి పంజరమువైపు చూచి, "బతికాయా పంతులుగోరూ?" అని యడిగినది. "నీ చలువ వలన బ్రతికినవి తల్లీ" యంటిని. ఆమె నవ్వి, చేటలోనుండి రాలిన పిడికెడు సజ్జలు పిల్ల చేతిలో పోసి పనిలోనికి పోయినది.

మీ యిండ్లలో పక్షియున్నను, పశువున్నను, నోరులేని మరియే ప్రాణియున్నను, నిండుగా కనబడు గిన్నెను నమ్మవలదు. ఒకమారు ఊది చూడుడు.